మా మామ అరచేతులు

మొన్న కామారెడ్డి బజారులో ఒక బట్టల దుకాణం ముందు కుక్క పడి ఉంది. ఏదో బండి నడుం మీదుగా పోయినట్టుంది, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చి అక్కడ కూలబడింది. ఊపిరి ఇంకా ఆడుతోంది. దుకాణదారు బయటికి వచ్చాడు. నొసట ఇంత విభూతి. "అయ్యో పాపం" అన్నాడు. నీళ్లు తెస్తాడేమో అనుకున్నాను. లోపలికి పోయి గొడుగు తెచ్చి, దాని కొసతో కుక్కను మెల్లమెల్లగా నెట్టుకుంటూ పక్క దుకాణం మెట్ల దాకా చేర్చాడు. తర్వాత గొడుగు గోడకు ఆనించి, రెండు అరచేతులూ ఒకదానికొకటి రాసి దులుపుకొని, పోయి తన గద్దె మీద కూర్చున్నాడు.

చీర కొందామని పోయినదాన్ని కొనకుండానే వెనక్కి వచ్చాను. కుక్కను చూసి కాదు, ఆ చేతుల దులుపు చూసి. అది నాకు బాగా తెలిసిన దులుపు. మా మామది.

మామ అంటే నా పెనిమిటి తండ్రి. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది. పోయినవాళ్లను గురించి మంచే చెప్పాలంటారు. మంచి చెప్పేవాళ్లు ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు, వాళ్లను అడగండి. నేను ఆయన ఇంట్లో ఆయన ఎంగిలి కంచం ఎత్తినదాన్ని. నాకు తెలిసింది నేను చెబుతాను.

మా పుట్టిల్లు రామారెడ్డి అనే ఊరు. నిజాం రాజ్యం నాటి మాట. ఎల్లారెడ్డికి కాస్త ఇవతలి పల్లెలో కాపుదనం చేసే ఇంటికి నన్నిచ్చారు. ఆ ఇంట్లో మామ ముందు కోడలు నిలబడి మాట్లాడకూడదు. ఆయన వస్తుంటే తలుపు చాటుకు పోవాలి. ఆయనా నాతో నేరుగా మాట్లాడడు. నేను ఎదురుగానే ఉన్నా అత్తతో "దానికి చెప్పు" అంటాడు. అందుకని ఆయన లేచి తిరిగిన నాటి ముఖం నాకు సరిగ్గా గుర్తు లేదు. వంచిన తలతో చూసినవే గుర్తున్నాయి. ఆయన పాదాలు, పంచె అంచు, చేతులు. ముఖ్యంగా చేతులు.

పొలం పని చేసే మనిషికి ఉండాల్సిన చేతులు కావవి. తెల్లగా, మెత్తగా, ఎప్పుడూ తడిగా ఉండేవి. పొద్దుగూకే లోపల ఎన్నిసార్లు కడిగేవాడో లెక్క లేదు. కడిగే నీళ్లు బావి నుంచి మోసేది మేము. కడుక్కొని, తడి చేతిని ఎక్కడ తుడిచేవాడంటారా? దండెం మీద మేము ఉతికి ఆరేసిన చీరలకు. ముక్కు చీదినా అక్కడే తుడిచేవాడు. మనిషి శుచికి ఊళ్లో పెద్ద పేరు.

తేలు కనిపిస్తే ఆయన చంపడు. ఒక ఇత్తడి చెంబు తెచ్చి దాని మీద బోర్లించి, మా ఇంట్లో జీతమున్న సాయిలును కేకేసేవాడు. సాయిలు వచ్చి చెంబు ఎత్తి చెప్పుతో కొట్టాలి. ఒకసారి సాయిలు చెంబు ఎత్తేసరికి తేలు వాడి వేలిని పట్టింది. వాడు నేలమీద పడి పొర్లుతుంటే మామ అరుగు దిగకుండా చూసి, అరచేతులు రాసి దులుపుకొని, "నా చేతికైతె అంటలే. నేను సంపలేదు, నన్ను కుట్టలేదు. ఎవరి రాత వాళ్లది" అన్నాడు.

"నా చేతికైతె అంటలే." ఆ మాట రోజుకు ఒక్కసారైనా వినబడాల్సిందే. కామారెడ్డికి బండి కట్టుకొని పోతే దారిలో ఎడ్లను ఆయన కొట్టడు. "పాపం, నోరులేని జీవాలు" అంటాడు. ఎత్తు ఎక్కలేక అవి ఆగితే వెనక నుంచి కొడుకుతో మెల్లగా అంటాడు, "జర ముల్లుకర్ర సూపియ్ రా." కొడుకు సూపిస్తాడు. ఎడ్ల తొడల మీద నెత్తురు కారుతుంది. ఆయన అటు తిరిగి చేతులు దులుపుకొని రామనామం చెప్పుకుంటాడు.

ఇంత పాపభీతి గల మనిషికి ఆవు మీద ఎంత భక్తి ఉండాలి? ఉండేది. ఆ ఆవు నాది. నన్ను అత్తారింటికి పంపుతూ మా బాపు అరణంగా ఇచ్చిన నల్లావు. నొసట తెల్లటి మచ్చ ఉండేది గనుక సుక్క అని పిలిచేవాళ్లం. మా బాపు జనుము నార పేని, తన చేతులతో దానికి పలుపు అల్లి, చిన్న గజ్జె ఒకటి కట్టి పంపాడు. సుక్క తల ఆడిస్తే ఆ గజ్జె మోగేది. కొత్త కోడలిగా, ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేని ఆ ఇంట్లో, ఆ చప్పుడు వింటే మా బాపు ఇక్కడే ఎక్కడో దగ్గినట్టు అనిపించేది. పాలు పితుకుతూ దాని డొక్కకు నుదురు ఆనించి నా బాధలన్నీ దానికే చెప్పుకున్నాను. నేను మాట్లాడుతున్నంతసేపూ అది కదలకుండా నిలబడేది.

మామ పొద్దున లేచి మొదట సుక్క ముఖమే చూసేవాడు. "సుక్కా, నా తల్లీ" అని తోక పట్టి కళ్లకద్దుకొని, దోసిట్లో దాని పంచితం, అంటే మూత్రం, పట్టి ఒక గుక్క తాగి, మిగిలింది నెత్తిన చల్లుకునేవాడు. ఆ తర్వాత దండెం దగ్గరికి పోయేవాడు, చేతులు తుడవడానికి. ఒక్కనాడు పరక గడ్డి వేసింది లేదు, ఒక్క తట్ట పేడ ఎత్తింది లేదు. కానీ ఆ ప్రేమ దొంగప్రేమ అనలేను. సుక్క పాల మీది మీగడ వేళ్లతో తీసి నాకుతున్నప్పుడు ఆయన కన్నీళ్లు ఆ చేతుల మీద రాలేవి. అది చూసి నాకు అన్నం సహించేది కాదు.

ఇంకొక సంగతి చెప్పాలి. మామకు ఈ లోకంలో ఒక్కటే భయం. మా వైపు అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఆవు మెడలో పలుపుతో, గుంజకు కట్టి ఉండగా చస్తే ఆ పాపం కట్టినవాడిది. వాడు ఆ పలుపు తన మెడలో వేసుకొని ఇల్లిల్లూ తిరిగి అడుక్కోవాలి. నోరు తెరిచి మాట్లాడకూడదు. గడప ముందు నిలబడి ఆవు అరిచినట్టు అరవాలి. ఆ అరుపు విన్నవాళ్లు ఎవరూ పెట్టకుండా పంపకూడదు, పంపితే పాపంలో వాళ్లకూ వాటా. మామ పడుచుతనంలో గాంధారి ఊరి దిక్కు ఎక్కడో ఒక రైతు అట్లా తిరగడం చూశాడట. అన్నం తింటూ తింటూ ఆ కథ చెప్పేవాడు. "గింత గింత మీసాలున్న మొగోడు, అంబా అనుకుంట గడప గడప తిరిగిండు. పోరగాండ్లు ఎనుక పడి నవ్విన్రు. థూ, అదేం బతుకు" అని ఆ అరుపు అరిచి చూపి, తర్వాత చేతులు కడుక్కొనేవాడు.

ఆ ఏడు తొలకరి బాగానే కురిసి, తర్వాత వాన ముఖం చాటేసింది. జొన్న చేన్లు మోకాలెత్తుకు రాకముందే వాడిపోయాయి. అట్లా ఎండకు గిడసబారిన లేత జొన్నలో విషం కూడుతుంది. దాన్ని నాము అంటారు. నాము మేసిన గొడ్డు నాలుగు అడుగులు వెయ్యదు. అందుకని ఆ రోజుల్లో ఎవ్వరూ గొడ్లను విప్పి వదలరు, కొట్టంలోనే కట్టి మేపుతారు. ఇది చదువుకున్న సంగతి కాదు, మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

తొలి ఏకాదశి వచ్చింది. ఇంట్లో పేలాల పిండి దంచాము. మామ తలంటుకొని, పుణ్యం కోసమని, తట్టెడు నానిన శనగలు, బెల్లం కలిపిన పేలాల పిండి తన చేతులతో సుక్కకు తినిపించాడు. ఏడాదికి ఒకసారి ఆయన దానికి పెట్టే మేత అది. అది తింటుంటే ఇంకా ఇంకా పెట్టాడు. అంత శనగ గొడ్డుకు పడదని అత్త మెల్లగా అనబోతే, "దేవునికి పెట్టేటప్పుడు అడ్డం రాకు" అని కసిరాడు.

తెల్లవారేసరికి సుక్క పొట్ట డోలులా ఉబ్బింది. పళ్లు కొరుకుతూ, మూలుగుతూ గుంజ దగ్గర పడుకుంది. మా ఆయన ముందు రోజే బండి తోలుకొని కామారెడ్డి పోయాడు. నేను సాయిలును పంపి గొల్ల మల్లయ్య తాతను పిలిపించాను. ఊళ్లో గొడ్లకు రోగమొస్తే ఆయనే దిక్కు. తాత వచ్చి డొక్క తట్టి చూశాడు.

"శెనిగెలు మస్తుగ తిన్నది. ఏం గాదు బిడ్డా. నూనెల వాము దంచి పోస్తున్న, మాపటికి గాలి పోతది, లేస్తది. గని ఒక్క మాట. కట్టేసి ఉంచుండ్రి. లేవంగనే ఆకలితోటి ఉంటది, బయట జొన్న చేన్లున్నయి. ఇడువద్దు."

వెదురు గొట్టంతో మందు పోసి, ఆ మాట మామ వినేటట్టు మళ్లీ ఒకసారి చెప్పి వెళ్లిపోయాడు. నేను సుక్క తల పక్కన కూర్చున్నాను. పొద్దెక్కేకొద్దీ మూలుగు ఎక్కువైంది. ఒక్కసారి కళ్లు తేలేసి, కాళ్లు చాపింది. కొట్టం గడప దగ్గర నిలబడ్డ మామ పాదాలు వణకడం చూశాను.

"ఏమే, సస్తదే ఇది!" అని అత్తను కేకేశాడు. "మెడల పలుపున్నది. నా మెడకు సుట్టుకుంటది."

నేను లేచి తలుపు చాటుకు పోవాల్సి వచ్చింది. ఆయన లోపలికి వచ్చాడు. ఏ పనీ చెయ్యని ఆ చేతులు ఆ రోజు ఎంత చురుగ్గా పనిచేశాయో! ముడి గట్టిగా ఉంటే పంటితో పీకాడు. పలుపు తీసి, గజ్జె గలగలమంటుండగా, చిలక్కొయ్యకు తగిలించాడు. "లే తల్లీ, లే" అన్నాడు. అది లేవలేదు. అప్పుడు రోజూ కళ్లకద్దుకునే ఆ తోకను పట్టుకొని మెలి తిప్పాడు. సుక్క అరిచిన అరుపు నేను ఇంకెప్పుడూ వినలేదు. లేచింది. తూలుతున్న ఆవును వెనక నుంచి నెట్టుకుంటూ కొట్టం దాటించాడు, దొడ్డి దాటించాడు.

నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, తాత కట్టేసి ఉంచుమన్నడు. ఇడిస్తె సస్తది. జర మామకు చెప్పు."

"నోరు మూసుకో బిడ్డా, ఇంటడు. మొగోళ్ల పని, మనకేంది" అంది అత్త. ఆమె కూడా ఏడుస్తూనే అంది.

మా పొలం హద్దు రాయి దాకా తోలాడు. రాయికి అవతల నర్సవ్వ చేను. నర్సవ్వ మొగుడు పోయిన ముసలామె. రెక్కల కష్టంతో ఆ కాస్త జొన్న వేసుకొని బతికేది. నోరు మాత్రం పెద్దది. గట్టు జరిపావని మామను ఊరందరి ముందూ తిట్టిన ఆడది ఆమె ఒక్కతే. మామ సుక్కను ఆ రాయి దాటించి, ఇవతల నిలబడి, అరచేతులు రాసి దులుపుకొని ఇంటికి వచ్చి తలస్నానం చేశాడు. నీళ్లు నేనే తోడి పెట్టాను.

కొంచెం వంగి నిలబడితే పెరటి గోడ సందులోంచి ఆ చేను కనబడుతుంది. పని చేసుకుంటూనే చూస్తూ ఉన్నాను. సుక్క గట్టు పక్కన పడుకుంది. చాలాసేపు కదలలేదు. అయిపోయిందనుకున్నాను. పొద్దు వాలుతుండగా చూస్తే లేచి నిలబడి ఉంది! పొట్ట ఉబ్బు తీసింది. తోక ఆడిస్తోంది. తాత చెప్పినట్టే మందు పనిచేసింది. సంతోషంతో నా కాళ్లు ఆగలేదు. నెత్తిన కొంగు ఉందో లేదో చూసుకోకుండా పరుగెత్తాను.

నేను హద్దు రాయి చేరేసరికి దాని నోట్లో పచ్చటి జొన్న ఉంది. "సుక్కా!" అని అరిచాను. తలెత్తి చూసింది. నమలడం ఆపలేదు. నా గొంతు గుర్తుపట్టి నా వైపు రాబోయింది. ముందు కాళ్లు మడతపడ్డాయి. ఒళ్లంతా వణికింది, నోట్లోంచి నురగ వచ్చింది. బెల్లం నీళ్లు పోస్తే విరుగుతుందంటారు, బెల్లం నా దగ్గర ఎక్కడిది? దాని తల ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. ఆరోగ్యంగా లేచిన ఆవు, ఆకలేసి మేసిన ఆవు, నేను చూస్తుండగా పోయింది. మెడలో పలుపు లేదు. పలుపు రాసుకొని రాసుకొని వెంట్రుకలు ఊడిన గీత మాత్రం మెడ చుట్టూ ఉంది.

ఇంటికి పోయి అత్తతో చెప్పాను. అత్త మామతో చెప్పింది. ఆయన మొదట అడిగిన మాట, "మెడల పలుపు లేదు గద?" తర్వాత అడిగింది, "ఎవరి చేన్ల?" నర్సవ్వ చేన్లో అని విన్నాక అరచేతులు కలిశాయి.

"నా చేతికైతె అంటలే."

ఆ తర్వాతనే ఏడ్చాడు. గుంజను కావలించుకొని, "నా తల్లీ, నన్ను ఇడిసిపోతివా" అని, ఇరుగుపొరుగు వచ్చి పట్టుకుంటే గానీ ఆగనంతగా ఏడ్చాడు. నిజం ఏడుపే అది. దొంగ ఏడుపైతే నాకింత రోత పుట్టేది కాదు. మర్నాడు మధ్యాహ్నం, సుక్క పాలతో అంతకు ముందు తోడేసి ఉంచిన పెరుగు ఇంకా ఉట్టి మీద ఉంటే, అది పోసుకొని అన్నం తిన్నాడు. "ఇగ గిసోంటి పెరుగు యాడ దొరుకుతది" అంటూ మణికట్టు దాకా కారిన దాన్ని నాలుకతో నాకాడు. నేను పెరట్లోకి పోయి కక్కుకున్నాను.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం చావడిలో పెద్దమనుషులు కూర్చున్నారు. ఊళ్లో ఆవు చచ్చింది, ఎవరో ఒకరు పాపం కడుక్కోవాలి, లేకుంటే వాన రాదు. మల్లయ్య తాత ఒక్కడు లేచి, "కట్టేసి ఉంచుమని నేను చెప్పిన" అన్నాడట. ఆయన మాట అక్కడ సాగలేదు. మామ చేతులు కట్టుకొని, ఎంతో వినయంగా అన్నాడట, "గొడ్డు మాదే, కాదంటలే. గని మేం కట్టేసి సంపలే, కొట్టి సంపలే. కంచె లేని చేన్ల జొన్న తిని సచ్చింది. చేను ఎవరిదో మీరే చెప్పుండ్రి." పెద్దమనుషుల్లో మామ మాట కాదనగలిగినవాడు ఎవడు? నర్సవ్వకు చెప్పేశారు. పలుపు మెడలో వేసుకొని ఊరు తిరగాలి. కాదంటే ఆమెకు నిప్పూ నీళ్లూ బంద్, చేను కొయ్యడానికి ఒక్క కూలి మనిషి రాదు.

పలుపు ఎక్కడిదని ఎవరో అడిగారట. మామే అన్నాడట, "మనింట్ల ఉన్నది. దానిదే. తీస్కపొమ్మను."

మా బాపు పేనిన పలుపు. చిలక్కొయ్య మీది నుంచి సాయిలు తీసుకుపోతుంటే గజ్జె మోగింది.

మర్నాడు పొద్దున నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. గజ్జె చప్పుడు వినబడింది. ఒక్క క్షణం, ఎంత పిచ్చిదాన్నో, సుక్క వస్తోందనుకున్నాను. తలెత్తితే నర్సవ్వ. నెరిసిన జుట్టు విరబోసుకొని, మెడలో ఆ పలుపు, కొంగు ముందుకు చాపి పట్టుకొని మా గడప ముందు నిలబడింది. వెనక ఊరి పిల్లలు నవ్వుతున్నారు. ఊరంతా దద్దరిల్లేట్టు తిట్టగల ఆ నోరు తెరిచి, ఆవులా అరిచింది. నన్ను చూడలేదు. అరుగు మీద కూర్చున్న మామ ముఖంలోకి సూటిగా చూస్తూ అరిచింది.

మామ అత్తతో అన్నాడు, "దోసెడు ఎక్కువనే పెట్టుమను. గరీబుది, పాపం."

నేను చేటలో జొన్నలు తెచ్చి ఆమె కొంగులో పోశాను. తలెత్తి మామ వైపు చూశాను, మొట్టమొదటిసారి. ఆయన కళ్లు మూసుకొని, రెండు చేతులూ జోడించి, నర్సవ్వ మెడలోని పలుపుకు దండం పెడుతున్నాడు. అంతకంటే అసహ్యమైన దృశ్యం నా జీవితంలో నేను చూడలేదు.

ఊరు తిరగడం అయిపోయాక నర్సవ్వ పలుపు తెచ్చి మా దొడ్డి గోడ మీంచి లోపలికి విసిరేసింది. ఆ రోజు నుంచి మా ఇంటి వైపు తల తిప్పలేదు. నేను పలుపు తీసి కొట్టంలో దాని చోటనే తగిలించాను. ఆ తర్వాత మామ ఆ గుంజకు ఎన్ని ఆవులను కట్టించాడో, ఎన్నిటి తోకలు కళ్లకద్దుకున్నాడో నాకు పట్టలేదు. నేను ఏ ఆవుకూ పేరు పెట్టలేదు.

కొన్నేళ్లకు, జర్మనీ లడాయి అని అందరూ చెప్పుకుంటున్న రోజుల్లో, మామకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట పోయింది. పంచాంగం చూసే అయ్యగారు వచ్చి లెక్కలు వేసి, నక్షత్రం మంచిది కాదు, ప్రాణం ఇంటి కప్పు కింద పోతే నెలల తరబడి ఇల్లు మూసిపెట్టాల్సి వస్తుందన్నాడు. జొన్న కోతల కాలం. గింజలన్నీ ఇంట్లోకి వచ్చే సమయం. మా ఆయన, మా మరిది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచాన్ని చెరో పక్కా పట్టి, తండ్రిని తీసుకుపోయి గొడ్ల కొట్టంలో దించారు. సుక్కను కట్టిన గుంజ పక్కనే.

దించి నిలబడి, మా ఆయన అరచేతులు రాసి దులుపుకున్నాడు. "అందరు చేసేదే గద. నేను కొత్తగ చేస్తున్ననా?" అన్నాడు. ఎవరూ అడగలేదు ఆయన్ను. ఆ చేతులతోనే గదా రేపు నా పిల్లలను ఎత్తుకునేది అనుకున్నాను.

మామ వెంటనే పోలేదు. కొట్టంలోనే చాలా రోజులున్నాడు. గంజి నేనే పోశాను, మలమూత్రాలు నేనే ఎత్తాను, పుండ్లు నేనే తుడిచాను. జాలితో కాదు. మనిషి పడి ఉంటే చెయ్యాలి గనుక చేశాను. ఆయన కళ్లు ఎప్పుడూ చిలక్కొయ్యకున్న పలుపు మీదనే ఉండేవి. ఏదో చెప్పబోయేవాడు. నాలుక తిరగక, వంకరపోయిన నోట్లోంచి, ముక్కులోంచి ఒకే ఒక అరుపు వచ్చేది. వేరుగా చెప్పనక్కర్లేదు, ఆయనే అన్నం తింటూ అరిచి చూపిన అరుపది. కొట్టంలోని గొడ్లు చెవులు నిక్కబొడుచుకొనేవి. కొడుకులు అటు రావడం మానేశారు.

ఒక పొద్దున నర్సవ్వ కోతకు పోతూ మా దొడ్డి వెనక దారిన నడుస్తోంది. మామ అరిచాడు. ఆమె ఆగింది. అన్నేళ్ల తర్వాత మొదటిసారి మా దొడ్లోకి అడుగుపెట్టి, కొట్టం గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏందే పిల్లా, గీ మొత్తుకోలు?"

"దూప అయితున్నదేమో అవ్వా. నీళ్లు పోస్త."

"నీళ్లు గాదు" అంది.

మంచం పక్కకు వచ్చి చాలాసేపు ఆయన ముఖం చూసింది. పైన తగిలించి ఉన్న పలుపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆమె తిట్టలేదు. కొంగు ముడి విప్పి, పలారానికని తెచ్చుకున్న కొత్త జొన్నలు గుప్పిట్లోకి తీసుకొని, మామ ఎడమ చెయ్యి పట్టి తెరిచి, ఆ అరచేతిలో పోసింది.

"గా అరుపు ఇని పెట్టకుండ పోతె నాకు తగుల్తది" అని వెళ్లిపోయింది.

మామకు మాట పోయింది గానీ తెలివి పోలేదు. ఆమె ఏం పెట్టిందో, ఎందుకు పెట్టిందో ఆయనకు అర్థమైంది. కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి విదిలించాడు. కొన్ని రాలాయి. మిగిలినవి చెమట చేతికి పట్టుకున్నాయి. వాటిని దులపడానికి రెండో చెయ్యి కావాలి. అది పక్కన కట్టెలా పడి ఉంది. ఎడమ చేతిని ఈడ్చుకుంటూ తెచ్చి ఆ చచ్చిన అరచేతి మీద రాశాడు. జొన్నలు ఈ చేతి నుంచి ఆ చేతికి అంటుకున్నాయే గానీ రాలలేదు. నా వైపు చూశాడు. కోడలిని ఆయన ముఖాముఖి చూడడం అదే మొదలు, అదే చివర. తుడవమని అడుగుతున్నాడని నాకు తెలుసు.

ఆయన ఒంటి మీద నేను తుడవనిది ఏదీ లేదు. వాటిని మాత్రం తుడవలేదు.